లూయీ బ్రెయిల్ మహాశయుని జీవితము

ఇంద్రియములలో కన్నే ప్రధానమని మన పెద్దలు చెప్పుదురు. కన్ను లేనివానికి చదువు లేదని లోకము చాలకాలము నమ్మెను. ఆ నమ్మకమును మాటలతో వాదించి కాక, కాగితముమీద చుక్కలు పొడిచి కాదనిపించిన యొక ఫ్రెంచి బాలుని చరిత్రమును ఈ యేటి మన సంచికలో చదువరుల యెదుట నుంచుచున్నాను.

చదువరులారా! రైలుబండిలో ప్రయాణము చేయునపుడు అంధుడైన యువకుడొకడు తన చేతిఫోనును అడ్డముగా పట్టుకొని, దాని యద్దపుముఖమును తనవైపునకు గాక యెదుటివారివైపునకు త్రిప్పి, రెండు చేతుల వ్రేళ్లతోను మీటుచుండుట మీలో కొందరు చూచియుందురు. చూచువారికి అతడేదో వాద్యము వాయించుచున్నట్లు తోచును. నిజమునకు అతడు ఉత్తరము వ్రాయుచున్నాడు. ఆ యద్దముమీద గీతయైనను గుంటయైనను లేదు. తడిమిన చేతికి అంతయు నునుపే. అయినను అతని యారు వ్రేళ్లు ఆరు చోటుల నెరుగును. ఈ యారు అను లెక్క ఆ ఫోనులు చేసినవారు కల్పించినది కాదు. రెండువందల యేండ్లక్రిందట పారిసు నగరమునందు పదునైదేండ్ల విద్యార్థి యొకడు దానిని నిర్ణయించెను. అతడే లూయీ బ్రెయిల్.

పారిసు నగరమునకు తూర్పున ఇంచుమించు ఇరువదియైదు మైళ్ల దూరమున కూప్‌వ్రే యను చిన్న గ్రామము కలదు. ఆ గ్రామమున 1809వ సంవత్సరము జనవరి 4వ తేదీన లూయీ జన్మించెను. తండ్రి సీమోన్ రెనే బ్రెయిల్ గుఱ్ఱములకు జీనులును కళ్లెములును కుట్టి జీవించువాడు. తల్లి పేరు మోనిక్. నలుగురు బిడ్డలలో లూయీ కడగొట్టువాడు. తండ్రి పనిచేయు కొట్టునందు తోలుముక్కలు, కత్తులు, ఆరెలు ఎల్లప్పుడు పడియుండెడివి. మూడేండ్ల పసివాడు తండ్రి చేయు పనిని తానును చేయగోరి, యొకనాడు ఎవ్వరును చూడని వేళ వాడియైన పనిముట్టు నొకదానిని తీసికొని తోలును పొడువబోయెను. అది జారి కంటిలో గ్రుచ్చుకొనెను. ఆ కాలమున గాయములు చీముపట్టకుండ కాపాడు మందులు లేవు. గాయపడిన కన్ను పాడై, ఆ రోగము రెండవ కంటికిని ప్రాకెను. అయిదేండ్లు నిండునప్పటికి బాలునకు వెలుతురునకును చీకటికిని భేదము తెలియకపోయెను. తోలులో రంధ్రములు పొడుచు పనిముట్టు కన్నులు తీసికొనగా, కాగితములో రంధ్రములు పొడుచు పనిముట్టుతోనే ఈ బాలుడు తరువాత చదువును సంపాదించెనని అతని చరిత్రకారులందరును వ్రాయుదురు. నేనును వ్రాయక మానలేకపోతిని.

అవి నెపోలియను యుద్ధముల చివరి దినములు. 1814లో శత్రుసైన్యములు ఆ ప్రాంతమునకు వచ్చి గ్రామస్థుల యిండ్లలో మకాము చేసెను. అట్టి కష్టకాలమునందు గ్రుడ్డిబిడ్డను ఇంట మూల కూర్చుండబెట్టుట అందరును చేయుపని. సీమోన్ రెనే యట్లు చేయలేదు. కుమారునకు చేతికఱ్ఱ చేసియిచ్చి నడచుట నేర్పెను. పలకమీద గుండ్రని తలలుగల మేకులను అక్షరముల యాకారమున కొట్టి, వానిని తడిమి గుర్తుపట్టుట నేర్పెను. 1815లో ఆ గ్రామమునకు వచ్చిన పాల్యుయి యను మతగురువు బాలుని తెలివిని కనిపెట్టి తానే చదువు చెప్పనారంభించి, తరువాత గ్రామపాఠశాలలో చేర్పించెను. అచ్చటి యుపాధ్యాయుడు బెషెరే. అతడు గ్రుడ్డిపిల్లవానిని చేర్చుకొనుటకు సందేహింపకపోవుట గొప్ప సంగతి. కన్నులుగల పిల్లలు పుస్తకము చూచి వల్లించుచుండగా, లూయీ విని జ్ఞాపకముంచుకొని వారికంటె ముందే యప్పగించెడివాడు. కాని పిల్లలు పుస్తకములు తెరచి తమంతట చదువుకొను వేళ రాగానే అతని చేతులు ఊరకుండెడివి.

ఆ కాలమున గ్రుడ్డివారి గతి మన సువార్తలలోని బర్తిమయి గతికంటె మేలైనది కాదు. దేవాలయముల వాకిళ్లయందు కూర్చుండి బిచ్చమెత్తుటయే వారి వృత్తి. 1771లో పారిసు నగరపు సంతలో కొందరు గ్రుడ్డివారికి గాడిదచెవులును అట్టముక్కల కళ్లజోళ్లును తగిలించి, వారిచేత వాద్యములు వాయింపించి, జనులు పకపక నవ్వుచుండిరట. ఆ వేడుకను చూచి సహింపలేకపోయినవాడు వాలెంతీను హావీ యను నుదారుడు. ఇతడు 1784లో ఫ్రాన్సువా లెస్యూర్ అను బిచ్చగాని తన మొదటి శిష్యునిగా గ్రహించి అక్షరములు నేర్పెను. ఆ ప్రయత్నమే పెరిగి పారిసునందు అంధబాలుర విద్యాలయ మయ్యెను. పాల్యుయి గురువు మొదలగువారి సహాయమున 1819 ఫిబ్రవరి 15వ తేదీన పదేండ్ల లూయీ ఆ విద్యాలయమున చేరెను.

విద్యాలయపు భవనము పాతది, చెమ్మగిల్లినది, ఇరుకైనది. లూయీ తరువాత క్షయరోగముచే బాధపడుటకు ఆ యింటి గోడలే కారణమని కొందరు తలంతురు. అచ్చటి పుస్తకములు హావీ కల్పించిన పద్ధతిని చేసినవి. తడికాగితమును పెద్ద పెద్ద అచ్చులమీద నదిమి, రోమను అక్షరములు పైకుబికి నిలుచునట్లు చేసెడివారు. పుస్తకములు చాల బరువైనవి. సంఖ్యయందు చాల తక్కువ. ఒక్కొక్క అక్షరమును దాని వంపులవెంట తడిమి గుర్తించి, వాక్యము ముగియునప్పటికి మొదటి మాట మరపునకు వచ్చెడిది. ఇది యొక లోపము. ఇంతకంటె పెద్దది మరియొకటి కలదు. ఆ యక్షరములను పిల్లలు చదువగలరేకాని తమచేతితో సులభముగ వ్రాయజాలరు. పాఠములో ముఖ్యమైన సంగతి యొకటి విన్న, దానిని వ్రాసియుంచుకొను దారి లేదు. తల్లికి ఉత్తరము వ్రాయవలెనన్న మరియొకనిచేత వ్రాయించుకొనవలెను. ఆ వ్రాసినవాడు ఏమి వ్రాసెనో తిరిగి చూచుకొను దారియు లేదు.

1821లో షార్లెస్ బార్బియే యను నతడు ఆ విద్యాలయమునకు తన కొత్త లిపి నొకదానిని పంపెను. ఇతడు పూర్వము సైన్యమున ఫిరంగిదళమునం దధికారిగా నుండినవాడు. ఇతని పద్ధతిలో గీతలు లేవు. పైకుబికిన చుక్కలు మాత్రమే కలవు. ఫ్రెంచిభాషలోని ముప్పదియారు ధ్వనులను ఆరు వరుసల పట్టికగా నేర్పరచి, రెండు నిలువు పంక్తులలో చుక్కలు పొడిచి, మొదటి పంక్తిలోని చుక్కలచేత పట్టికలోని వరుసను, రెండవ పంక్తిలోని చుక్కలచేత ఆ వరుసలోని ధ్వనిని తెలుపవలెను. గాడులుగల పలకయు, చుక్కలు పొడుచుటకొక గంటమును ఆ లిపితోకూడ వచ్చినవి. పిల్లలు చేతులతో చూచి యానందపడిరి. చుక్క వ్రేలికి వెంటనే తెలియును, గీత తెలియదు. అన్నింటికంటె మేలు, చుక్కలను తామే పొడువవచ్చును.

అయినను లూయీకి ఆ లిపిలో రెండు లోపములు కనబడెను. ఒక్కొక్క గుర్తునకు పండ్రెండు చుక్కలవరకు పట్టును. అంత యెత్తైన గుర్తు వ్రేలికొనక్రింద ఒక్కసారిగా ఇమడదు, వ్రేలిని పైకిని క్రిందికిని కదలింపవలసివచ్చును. రెండవ లోపము మరింత గంభీరమైనది. అది ధ్వనుల లిపియే కాని వర్ణక్రమము తెలుపు లిపి కాదు. అంకెలు లేవు, విరామచిహ్నములు లేవు, సంగీతపు గుర్తులు లేవు. గ్రుడ్డివారికి మాట వినబడినట్లు వ్రాసికొనుట చాలునని బార్బియే తలంచెను. చాలదని పండ్రెండేండ్ల బాలుడు తలంచెను. కన్నులవారు ఏ యక్షరములతో చదువుదురో ఆ యక్షరములే తమకును కావలెనని అతని పట్టుదల. ఇందు ఎవరిది సరియైన తలంపో ఈ వ్యాసము చివర మరల చూతము.

తరగతులు ముగిసినపిమ్మట రాత్రులయందును, సెలవులకు కూప్‌వ్రే గ్రామమునకు పోయినపుడును, లూయీ కాగితమును గంటమును వదలక కృషి చేసెను. 1824 నాటికి, తన పదునైదవయేట, అతని లిపి ఇంచుమించుగ సిద్ధమయ్యెను. పండ్రెండు చుక్కలను సగముచేసి ఆరింటికి దింపెను. రెండు నిలువు పంక్తులు, ఒక్కొక్క పంక్తికి మూడు చుక్కలు. ఎడమ పంక్తి పైనుండి క్రిందికి ఒకటి, రెండు, మూడు. కుడి పంక్తి నాలుగు, అయిదు, ఆరు. ఈ యారింటిని వేర్వేరు విధముల కూర్చిన అరువదిమూడు గుర్తులు లభించును. వ్రేలికొన క్రింద గుర్తంతయు ఒక్కసారిగా ఇమిడిపోవును. కూర్పునందును ఒక క్రమము కలదు. మొదటి పది యక్షరములకు పైనాలుగు చుక్కలు మాత్రమే వాడెను. ఆ పదింటికే మూడవ చుక్కను చేర్చిన తరువాతి పది యక్షరములగును. మూడవ చుక్కను ఆరవ చుక్కను చేర్చిన మిగిలినవి వచ్చును. ఫ్రెంచివారికి ‘డబ్ల్యు’తో పని తక్కువ కాబట్టి అది యతని వరుసలో లేదు, తరువాత చేర్చబడుటచే నేటికిని అది క్రమము తప్పియే యున్నది.

ఇచ్చట వ్రాయు విధమును గూర్చి కొంచెము చెప్పవలెను. కాగితమును పలకమీద నుంచి, చిన్న కిటికీలుగల లోహపు పట్టీని దానిమీద బిగించి, కిటికీలోపల గంటముతో పొడుతురు. పొడిచినవైపున గుంటయు, వెనుకవైపున చుక్కయు ఏర్పడును. కాబట్టి వ్రాయుట కుడినుండి యెడమకు. కాగితము త్రిప్పి చదువుట ఎడమనుండి కుడికి. మన తాతలు తాటియాకుమీద గంటముతో వ్రాసిన విధము దీనికి కొంత దగ్గరగా నుండును. తాటియాకులమీద వ్రాయువారు ఒక యక్షరము మరచినచో ఏమిచేసిరి? హంసపాదు వేసి పైన వ్రాసిరి. మీ కూర్పు పుస్తకములలో మేము ఎఱ్ఱసిరాతో వేయు హంసపాదు అదియే. బ్రెయిల్ పలకమీద ఆ సౌకర్యము లేదు. పంక్తుల నడుమ చోటు లేదు. ఎక్కువైన చుక్కను గోటితో నదిమి చెరుపవచ్చును. కాని మధ్యలో మాట యొకటి మరచినచో ఆ పుటను తిరిగి వ్రాయవలసినదే. అయినను అంతకుముందున్న స్థితితో పోల్చి చూడుడు. తాను వ్రాసినదానిని కాగితము త్రిప్పి తానే చదివి, తప్పు ఎచ్చట నున్నదో తానే కనిపెట్టు భాగ్యము అంధునకు ఇదివరకు లేనేలేదు.

ఈ దిద్దుకొను గుణము బ్రెయిల్ స్వభావమునందే కలదు. 1829లో తన లిపిని వివరించుచు చిన్న పుస్తకము ప్రకటించెను. మాటలను, సంగీతమును, దేవాలయ గానములను చుక్కలతో వ్రాయు విధానము దాని విషయము. ఆ పుస్తకము చుక్కలలో గాక హావీగారి పాత ఉబుకుటక్షరములలోనే యచ్చుపడుట వింతయైనను, అప్పటికి చుక్కలు చదువగలవారు ఆ విద్యాలయముదాటి యెవ్వరున్నారు? తనకు దారిచూపినవాడు బార్బియేయని అందు మరువక చెప్పెను. ఆ మొదటి పద్ధతిలో చుక్కలతోపాటు కొన్ని చిన్న గీతలుకూడ నుండెను. వాడుకలో గీతలు పొడుచుట కష్టమని తెలిసినపిమ్మట, వానిని తీసివేసి 1837లో సవరించిన రెండవ కూర్పును వెలువరించెను. తాను కల్పించినదానినే తాను కొట్టివేయుటకు అతనికి సంకోచము లేకపోయెను. నేటివారు వాడు లిపికి మూలము ఆ సవరించిన కూర్పే. అదే యేట ఫ్రాన్సుదేశ చరిత్రసంగ్రహ మొకటి మూడు సంపుటములుగా చుక్కల లిపిలో ఆ విద్యాలయమున తయారయ్యెను. మరుసటియేట గణితమునుగూర్చి అతడు వ్రాసిన చిన్న పుస్తకము వచ్చెను.

ఇంతలో అతడు విద్యార్థిదశనుండి ఉపాధ్యాయదశకు వచ్చెను. 1828నుండి సహాయకుడుగాను, 1833నుండి పూర్ణోపాధ్యాయుడుగాను వ్యాకరణము, భూగోళము, గణితము, సంగీతము బోధించెను. దేవాలయములలో ఆర్గను వాయించి కీర్తి పొందెను. 1831లో తండ్రి మరణించెను. ఇరువదియాఱవయేటనే క్షయరోగపు చిహ్నములు కనబడెను. మిగిలిన జీవితమంతయు, కొన్ని నెలలు పని, కొన్ని నెలలు కూప్‌వ్రేలో విశ్రాంతి, ఇట్లే గడచెను.

చుక్కల లిపిచే అంధులు తమలో తాము ఉత్తరములు వ్రాసికొనగలిగిరి. అది వారికి చాలును గాని బ్రెయిల్‌కు చాలలేదు. ఇంటియొద్దనున్న తల్లి చుక్కలు చదువలేదు గదా! 1839లో అతడు మరియొక పద్ధతిని ప్రకటించెను. సాధారణ అక్షరముల యాకారమును చుక్కల కూర్పుచే నిర్మించుట. ప్రతి యక్షరమునకును ఏ చుక్క యెచ్చట పొడువవలెనో అంకెలతో తెలుపు పట్టిక. దానిని కంఠస్థము చేసిన గ్రుడ్డివాడు కన్నులవారు చదువగల యుత్తరము నొరులసాయము లేక వ్రాయగలడు. పని మెల్లగా సాగెడిది. అందుచే, ఆ విద్యాలయమున చదివిన ఫూకో యను మరియొక యంధుడు, ఒక్కొక్క యక్షరమునకు కావలసిన చుక్కలను మీటలచే నొత్తు యంత్రమును నిర్మించి ఆ పనిని త్వరపరచెను. తరువాత వచ్చిన టైపుయంత్రము లోకమంతట వ్యాపించుటచే ఈ పద్ధతి మరుగుపడినది. చరిత్రకారులు దీనిని రెండుమాటలతో ముగింతురు. నాకు మాత్రము ఆరు చుక్కలకంటెను దీనియందే బ్రెయిల్ హృదయము తెలియుచున్నట్లు తోచును.

1840లో కష్టకాలము వచ్చెను. బ్రెయిల్‌ను ఆదరించిన పిన్యే యను ప్రధానాధికారి తొలగింపబడి, అతని క్రింద పనిచేసిన ద్యుఫో ఆ పదవికి వచ్చెను. అంధులకు వేరు లిపి యుండుట వారిని కన్నులవారినుండి వేరుచేయునని ద్యుఫో యభిప్రాయము. ఇది దురుద్దేశమని చెప్పలేము. కన్నులుగల యుపాధ్యాయునకు, తాను చూచి చదువగల యక్షరములే యందరకును మంచివని తోచుట సహజము. అందుచే చుక్కలను మాన్పించి రోమను అక్షరముల యుబుకుట పుస్తకములను తిరిగి ప్రవేశపెట్టెను. కాని పిల్లల వ్రేళ్లకు రుచి తెలిసిపోయినది. గంటములు లేనివారు దొరికిన వాడి వస్తువుతోనే చుక్కలు పొడిచి రహస్యముగా ఉత్తరములు వ్రాసికొనిరి; పెద్దపిల్లలు చిన్నపిల్లలకు నేర్పిరి. అంతట ద్యుఫోకు సహాయాధికారియైన గాదె యను బుద్ధిమంతుడు పిల్లలు చేయునది చూచి, అధికారి మనస్సు మార్చెను. విద్యాలయము కొత్త భవనమునకు మారినపిమ్మట, 1844 ఫిబ్రవరి 22వ తేదీన జరిగిన ప్రారంభోత్సవమున పెద్దల సమక్షమున చుక్కల లిపిని ప్రశంసించి, పిల్లలచేత వ్రాయించి చదివించి చూపిరి. బ్రెయిల్ అప్పటికి రోగముచే కృశించియుండెను. సభలో తన పేరు విని యానందించెను.

1851 డిసెంబరులో రక్తము కక్కి మంచమెక్కెను. 1852 జనవరి 6వ తేదీన, నలువదిమూడేండ్లు నిండిన రెండవదినమున, ఆ విద్యాలయమందే కన్నుమూసెను. అతడొక పెట్టెను విడిచి, దానిని తెరువక కాల్చివేయవలసినదని చెప్పెనట. మిత్రులు కుతూహలము నాపుకొనలేక తెరచి చూడగా, అందులో బీదవిద్యార్థులు అతనియొద్ద పుచ్చుకొనిన అప్పుల పత్రములు నిండియుండెను. అతని కోరికప్రకారము పిమ్మట వానిని కాల్చివేసిరి.

ఆ దినమున పారిసు పత్రికలు అతని మరణమును గమనింపలేదు. 1854లో విద్యాలయము అతని లిపిని తనదిగా నంగీకరించెను. 1878లో పారిసున జరిగిన మహాసభలో పలుదేశములవారు దానివైపే మొగ్గిరి. మన దేశమున అంధుల విద్యకు మిషనెరీలు తొలిబాటలు వేసిరి. 1887లో అమృతసరమున ఆనీ షార్పు దొరసాని స్థాపించిన పాఠశాల వానిలో నొకటి. అయితే ఇచ్చట చాలకాలము పలువురు పలువిధముల చుక్కలు కల్పించుటచే చిక్కులు కలిగెను. 1951లో భారతీయభాషల కన్నిటికిని ఒకే పద్ధతి యేర్పడెను. తెలుగు బ్రెయిల్ అందులోనిదే. ‘అ’ అన ఒకటవ చుక్క. ‘క’ అన ఒకటి, మూడు. ‘కి’ వ్రాయవలెనన్న ‘క’ గుర్తు ప్రక్కన ‘ఇ’ గుర్తు. మన లిపిలోవలె గుడి నెత్తిమీద కెక్కదు, వరుసలో కూర్చుండును.

ఇక మొదట చెప్పిన ఫోనువద్దకు వత్తము. 2009లో ఐఫోనునందు ‘వాయిస్ ఓవర్’ అనియు, ఆండ్రాయిడ్ ఫోనులయందు ‘టాక్‌బ్యాక్’ అనియు, అద్దముమీద నున్నదానిని చదివి వినిపించు నేర్పాటులు వచ్చెను. 2014లో ఐఫోనునందును, 2020లో ఆండ్రాయిడునందును, అద్దముమీదనే ఆరు చుక్కలతో వ్రాయు మార్గము కలిగెను. ఎడమచేతి మూడు వ్రేళ్లు ఒకటి, రెండు, మూడు. కుడిచేతి మూడు వ్రేళ్లు నాలుగు, అయిదు, ఆరు. గుంట లేకపోయినను వ్రేళ్ల స్థానమును ఫోనే గ్రహించును.

వ్రాయుట యొక యెత్తు, వ్రాసినది దిద్దుట యొక యెత్తు. చూపుగలవాడు తప్పున్నచోట వ్రేలు పెట్టును, పని తీరును. చూపులేనివానికి ఆ చోటు ఎచ్చటనో వినికిడివలననే తెలియవలెను. ఐఫోనులో రెండు వ్రేళ్లనుంచి తాళపుచెవి త్రిప్పినట్లు త్రిప్పిన, అక్షరము, మాట, పంక్తి అని ఫోను పలుకును. కావలసినదానియొద్ద ఆగి, ఒక వ్రేలిని క్రిందికి దువ్విన ముందునకును, పైకి దువ్విన వెనుకకును, అక్షరముచొప్పుననో మాటచొప్పుననో గుర్తు కదలును. ఈ కదలు గుర్తు హంసపాదు వంటిదే. దానియొద్దనే కొత్త యక్షరము చేరును. ఇందొక మెలకువ కలదు. ముందునకు పోవునపుడు ఫోను ‘మ’ అని పలికిన, గుర్తు ఆ ‘మ’ను దాటి నిలిచినదని యర్థము, వెనుకకు వచ్చునపుడు ‘మ’ అని పలికిన, దానికి ముందే నిలిచినదని యర్థము. చెరుపుమీట ఎల్లప్పుడు గుర్తునకు వెనుకనున్నదానినే చెరుపును. ఈ భేద మెరుగనివాడు తప్పును విడిచి ప్రక్కనున్న మంచి యక్షరమును పోగొట్టుకొనును. మన తెలుగున మరియొక చిక్కు. ‘కి’ని చెరుపబోయిన తరచుగా మొదట గుడి మాత్రమే పోవును, ‘క’ మిగులును. విననివానికి అది తెలియదు. కొంతభాగమును ఎన్నుకొని వేరొకచోట చేర్చుట మరింత శ్రమ. చూపుగలవానికి ఎన్నుకొనినమేర రంగు మారి కనబడును. అంధుడు ఎచ్చట మొదలుపెట్టెనో మనస్సున నుంచుకొని, ఫోను పలుకు ఒక్కొక్క మాటను వినుచు, చివర తెలిసినపుడు ఆపవలెను.

ఇంత శ్రమ యేల, ప్రక్కనున్నవారికి ఫోనిచ్చి దిద్దించుకొనరాదా యని కొందరందురు. తల్లికి వ్రాయు నుత్తరమును ప్రక్కవానిచేత వ్రాయించుకొనిన ఆ పారిసు పిల్లల నడుగవలసిన ప్రశ్న యిది.

బార్బియేతో బ్రెయిల్ పడిన భేదమును మరల చూతమంటిని. ఫోను పలుకునది ధ్వని. మన నోట శకార షకారములకు భేదము తరచుగా తెలియదు. ఫోను గొంతుకయందును అంతే. ‘వేషము’ అనుటకు ‘వేశము’ అని వ్రాసిన, చెవి పట్టుకొనజాలదు. ఒక్కొక్క యక్షరమును విడదీసి వినవలెను; లేదా, సన్నని సూదులు పైకి లేచి చుక్కలుగా నిలుచు చిన్న పెట్టెను ఫోనుకు కలిపి వ్రేలితో చదువవలెను. వ్రేలికొన క్రింద తప్పు వెంటనే తెలియును. ధ్వని చాలునన్న బార్బియే మాటకు, చాలదన్న బాలుని మాటకు నడుమ తీర్పు నేటికిని ప్రతిదినము ఇట్లు జరుగుచునేయున్నది.

ఒక సంగతి చెప్పుట మరచితిని. బ్రెయిల్ శరీరమును మొదట స్వగ్రామమున పాతిపెట్టిరి. నూరేండ్లు నిండిన 1952లో, ఫ్రాన్సుదేశము తన మహాపురుషులకు కేటాయించిన పారిసునందలి పాంథెయోనునకు ఆ యస్థికలను గౌరవముతో తరలించిరి. కూప్‌వ్రే గ్రామస్థులు మాత్రము చేతులను తమకు విడువుమని కోరిరి. అవి యొక చిన్న పాత్రలో నుంపబడి, గ్రామపు స్మశానమున అతని పాత సమాధియొద్దనే యున్నవి.